ఖాళీ చేతుల ఆటకు నమస్కారం

చిన్న ఆటా, నీకు నమస్కారం.

నువ్వు కత్తి చేతికివ్వవు. కిరీటం నెత్తిన పెట్టవు. రాకుమారిని విడిపించుకు రమ్మనవు. తెర వెలిగితే ఒక నేల, ఒక ఆకాశం, నాలుగు చెట్లు, రెండు ఖాళీ చేతులు. అంతే. ఏం చెయ్యాలో చెప్పేవాళ్లు ఉండరు. పొద్దు మాత్రం ఆగకుండా నడుస్తుంటుంది. నీ లోకంలో పగలూ రాత్రీ కలిపితే మన గడియారంలో 20 నిమిషాలు. ఆ కాస్త వెలుగు ఉండగానే మనిషి తలదాచుకునే చోటు చూసుకోవాలి. చీకటి పడితే ఏవేవో తిరుగుతాయి. ఆకలి పుడుతుంది. దిక్కు తోచని ఆ మొదటి పూటను ఉన్నదున్నట్టు ముందు పెడతావు. చేతులున్నాయి కదా, పని మొదలుపెట్టు అంటావు. ఇంత గౌరవం మనిషి చేతులకు ఇచ్చిన ఆట మరొకటి నాకు తెలియదు.

నీ పేరు వోక్సెలీబ్రే. లువాంటి అనే వేదిక మీద నిలబడ్డ ఆటవు. నిన్ను కొనాల్సిన పని లేదు. పాత కంప్యూటరయినా కసురుకోవు. నేను తాండూరు మనిషిని. పొద్దంతా బండలు మోసిన లారీలు సద్దుమణిగాక నీ ముందు కూర్చుంటాను. కూర్చున్నప్పుడల్లా ఈ పాఠం నాకు తెలిసిందేననిపిస్తుంది. నీ తొలి మెట్టు చెట్టు, రెండో మెట్టు రాయి. మా జిల్లాకు ఆ చివర వికారాబాద్, చెట్టు ఊరు. ఈ చివర తాండూరు, రాయి ఊరు. మధ్యలో సుమారు 40 కిలోమీటర్ల రైలు దారి. వాడి నుంచి సికింద్రాబాదుకు నిజాం కాలంలో పరిచిన పట్టాలు 1874 నుంచి ఇక్కడి మనుషులనూ సరుకులనూ మోస్తున్నాయి. నీలో నేను నడిచేది కూడా ఈ దారే. చెట్టు దగ్గర బయలుదేరి రాయి దగ్గరికి.

చెట్టుకు నమస్కారం.

నీ చెట్టును మొదట ఉత్త చేతితోనే కొట్టాలి. కొట్టగా కొట్టగా ఒక మొద్దు ఊడి చేతికొస్తుంది. ఒక మొద్దు నాలుగు పలకలవుతుంది. రెండు పలకలు నాలుగు కర్రలవుతాయి. తొమ్మిది గళ్ల బల్ల మీద పైవరుసలో మూడు పలకలు, నడిమి గడి కిందుగా రెండు కర్రలు పేరిస్తే గైంతి పుడుతుంది. ఇదేం తెలియక నేను నేరుగా గుట్ట మీదికి పోతుంటే పక్కింటి పిల్లగాడు భుజం మీదుగా వంగి చూసి చెప్పాడు: “అన్నా, ముంగట కట్టె తీస్కో. రాయి తర్వాత.” ఆ పిల్లగాడి నోట పలికింది నీ ధర్మశాస్త్రమంతా. ముందుది ముందు, తర్వాతది తర్వాత.

నీ దగ్గర అడ్డదారి లేదు. చెక్క గైంతి లేనిదే రాయి దక్కదు. రాతి గైంతి లేనిదే ఇనుము దక్కదు. కొలిమి లేనిదే ఇనుము కరగదు. ఇనుప గైంతి లేనిదే వజ్రం చేతికి రాదు. కళ్లెదుట మెరుస్తున్న వజ్రాన్ని చెక్క గైంతితో ఎంతసేపు కొట్టినా అది పగిలి మాయమవుతుందే తప్ప సంచిలో పడదు. డబ్బున్నవాడికీ లేనివాడికీ ఈ వరుస ఒక్కటే. బలమున్నవాడికీ బక్కవాడికీ ఒక్కటే. ఒక మెట్టు ఎక్కితేనే రెండోది కనిపిస్తుంది. ఎక్కిన ప్రతి మెట్టూ నువ్వు చేసుకున్నదే. అందుకే నీలో సంపాదించిన చెక్క గైంతి కూడా మనిషికి గర్వం.

నరికిన చెట్టు ఆకులు రాలుతూ రాలుతూ ఒక మొక్కను వదిలిపోతాయి. దాన్ని నాటితే మళ్లీ మాను. ఆ మొక్కను సంచిలో వేసుకుని పోవడమా, అక్కడే నాటిపోవడమా అన్నది నువ్వు మనిషికే వదిలేశావు. నాటినవాడికి బిరుదులివ్వవు. నాటనివాణ్ని శిక్షించవు. మళ్లీ ఆ దారిన వచ్చినప్పుడు నీడ ఉంటుంది, లేదా ఉండదు. అంతే నీ తీర్పు.

అనంతగిరి కొండల మీద టేకు, తునికి, మోదుగ, సీతాఫలం చూసి పెరిగిన కళ్లకు ఈ తీర్పు బరువు తెలుసు. ఎర్రమట్టి కొండ అది. పద్మనాభస్వామి కొలువున్న కొండ. గాలి మంచిదని క్షయ రోగులకు ఆసుపత్రి కట్టిన కొండ. పక్కనే దామగుండం అడవి. జలాంతర్గాములతో మాట్లాడే నౌకాదళ కేంద్రానికి 2024 అక్టోబరులో అక్కడ శంకుస్థాపన జరిగింది. దేశానికి అవసరమని ఒక మాట వినిపించింది, అడవి పోతుందని ఇంకో మాట వినిపించింది. నీలో మొక్క మాను కావడానికి కొన్ని పగళ్లు చాలు. దామగుండంలో మాను కావడానికి ఒక తరం చాలదు. నీలో ప్రతి మాను కిందా మొక్క నాటే అలవాటున్న పిల్ల, ఆ తేడా తెలిసిన పిల్ల, రేపు అడవి గురించి తలెత్తే ప్రతి ప్రశ్ననూ తన ప్రశ్న అనుకుంటుంది.

రాయికి నమస్కారం.

చెక్క గైంతితో మొదటి రాయి పగలగానే నీ లోకం రంగు మారుతుంది. అప్పటిదాకా నేల మీద తిరిగిన మనిషి నేలలోకి దిగుతాడు. మెట్లు చెక్కుకుంటూ దిగుతాడు. పొర కింద పొర. మట్టి, రాయి, బొగ్గు చారలు, ఇనుప మచ్చలు, ఎక్కడో చీకట్లో నీళ్ల చప్పుడు.

మా తాండూరు నేల కూడా పొరలు పొరలే. 50 కోట్ల ఏళ్లకు పైబడిన కాలంలో ఇక్కడ లోతు తక్కువ సముద్రం ఉండేది. దాని అడుగున సున్నపు మట్టి పొరపొరగా పేరుకుని గట్టిపడింది. ఆ సముద్రం పోయింది. పొరలు మిగిలాయి. అవే మన నాపరాళ్లు. పొర దగ్గర ఉలి పెట్టి సుత్తితో తడితే బండ బల్లపరుపుగా విడివడుతుంది. ఒకటి నీలం బండ, ఒకటి పసుపు బండ. కోసి, నునుపు చేసి లారీలకెత్తితే ఎక్కడెక్కడి ఇళ్లలోనో గచ్చు అవుతుంది. ఇక్కడ గడప రాయి, గోడ రాయి, చేను చుట్టూ పాతిన కడీలు రాయి. ఆ గచ్చు మీద పాకిన పసివాడు, ఆ గచ్చు మీదే చాప పరిచి పడుకున్న ముసలమ్మ ఆ పాత సముద్రపు అడుగును తాకుతున్నారు. నీలో రాయి తవ్వే ప్రతిసారీ నా అరికాళ్ల కింద ఉన్న బండ గుర్తొస్తుంది. దీన్ని కూడా ఎవరో తవ్వారు, ఎవరో విడదీశారు, ఎవరో మోశారు.

మోయడం దగ్గర నీకూ మా ఊరికీ తేడా ఉంది. ఆ తేడా చెప్పకుండా నిన్ను పొగిడితే పొగడ్త నిజం కాదు. నీ రాయికి బరువు లేదు. 64 రాతి గడులు సంచిలో ఒక్క అరలో ఇమిడిపోతాయి. గడి అంటే ఒక ఘనపు మీటరు. అంత సున్నపురాయి ఇక్కడ తూకం వేస్తే సుమారు 2.5 టన్నులు. నీ సంచిలో ఒక్క అర మా లెక్కలో 160 టన్నులు. నీలో మనిషి ఆ బరువుతో గెంతుతూ కొండెక్కుతాడు. ఇక్కడ ఒక్క బండను లేపడానికి ఇద్దరు వంగాలి, నడుములు బిగబట్టాలి. నీ రాయికి దుమ్ము లేదు. ఇక్కడ గనుల్లో, పాలిషింగ్ యూనిట్లలో దుమ్ము కనురెప్పల మీద కూర్చుంటుంది, ఊపిరిలోకి దిగుతుంది. యూనిట్ల వెనక తెల్లటి బురద కుప్పలుగా గడ్డకడుతుంది. నువ్వు రాయిని తేలిక చేసి చూపించావు. తేలిక చేయడంవల్ల అసలు బరువు ఎవరి వీపు మీద ఉందో ఆలోచించే తీరిక నాకు దొరికింది. నీలో నాలుగు గోడలు లేపినవాడు ఇక్కడి గోడ పక్కనుంచి ఊరికే నడిచిపోలేడు.

నిప్పుకు నమస్కారం.

ఎనిమిది రాళ్లు చుట్టూ పేర్చి నడుమ ఖాళీ వదిలితే కొలిమి. ఆ ఖాళీలోనే నిప్పు ఉంటుంది. ఒక బొగ్గు పెళ్ల, ఒక కర్ర కలిస్తే నాలుగు దివిటీలు. మొదటి దివిటీ గోడకు గుచ్చిన క్షణం నీలోని క్షణాలన్నిట్లో గొప్పది. బయట చీకటి అలాగే ఉంటుంది, లోపల చిన్న వెలుగు. వెలుగున్న చోట దయ్యాలు పుట్టవు. ఇది నీలో సాహిత్యపు మాట కాదు, నీ లోకాన్ని నడిపే లెక్క. ఆ లెక్క తెలిసినప్పటి నుంచి మనిషి వెళ్లిన ప్రతి సొరంగంలోనూ దివిటీలు గుచ్చుకుంటూ వెళతాడు. తనకోసమే గుచ్చుతాడు. వెనక వచ్చే స్నేహితుడికి కూడా దారి కనిపిస్తుంది.

మా ఊరికీ కొలిమి ఉంది. సున్నపురాయికి బంకమట్టి కలిపి, పొడి చేసి, సుమారు 1,450 డిగ్రీల వేడిలో కాలిస్తే గుండ్రటి నల్లని ఉండలవుతాయి. వాటికి కాస్త జిప్సం చేర్చి నూరితే సిమెంటు. తాండూరు చుట్టుపక్కల సిమెంటు కర్మాగారాలు వెలిసింది ఈ రాయి కోసమే. పొరగా విడివడితే బండ, పొడిగా కాలితే సిమెంటు. ఒకే రాయి, రెండు దారులు. రాయి, మట్టి, నిప్పు అనే మూడు పదాల వంటకం అది. తొమ్మిది గళ్ల బల్ల మీద నువ్వు నేర్పేదీ ఇలాంటి కూర్పే. పిల్లకు పుస్తకంలో చెబితే రసాయన శాస్త్రం. నీలో చేయిస్తే చేతి విద్య.

నీటికీ విత్తుకూ నమస్కారం.

గడ్డి పీకితే నీలో గింజలు రాలతాయి. నీటి పక్కన నేలను పారతో గుల్ల చేసి వేస్తే గోధుమ మొలుస్తుంది. పచ్చగా లేచి, పండి, బంగారు రంగుకు తిరిగేదాకా ఆగాలి. తొందరపడి కోస్తే గింజ తప్ప వెన్ను దక్కదు. మూడు వెన్నులకు ఒక రొట్టె. ఎదురెదురు మూలల్లో రెండు బకెట్ల నీళ్లు పోస్తే తరగని ఊట. ఆ వరం చూసినప్పుడు మాకు కడుపు నిండుతుంది, కళ్లు కూడా చెమరుస్తాయి. అనంతగిరి కొండల్లోనే మూసీ పుడుతుంది, కాగ్నా కూడా పుడుతుంది. మూసీ తూర్పుకు తిరిగి హైదరాబాదు మీదుగా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కాగ్నా పడమటికి తిరిగి తాండూరును పలకరించి భీమాలో కలిసి, ఆ భీమాతో పాటే కృష్ణకు చేరుతుంది. ఒక కొండ బిడ్డలు రెండు, విడిపోయి, ఎక్కడెక్కడో తిరిగి మళ్లీ ఒక నదిలో కలుసుకుంటారు. ఇంత గొప్ప పుట్టుక ఉన్న నేలలో కూడా రైతు ఆకాశం వైపే చూస్తాడు.

అలా వానను నమ్ముకున్న నల్లరేగడిలోనే మా కంది పండుతుంది. తొలకరికి వేస్తే చలికాలంలో కోత. కాయ ఇంటికొస్తుంది, కట్టె పొయ్యిలోకి వస్తుంది. త్వరగా ఉడికే, కమ్మగా ఉండే ఆ పప్పుకు 2022లో తాండూరు కంది పేరుతో భౌగోళిక గుర్తింపు దక్కింది. నేలకూ గింజకూ మధ్య ఉన్న బంధానికి ప్రభుత్వం వేసిన ముద్ర అది. ఈ ఊరి మట్టీ ఈ ఊరి వానా కలిస్తేనే ఈ రుచి. కూర్పు మారితే పప్పు మారుతుంది. ఈ సంగతి రైతు ఎప్పటినుంచో చెబుతున్నాడు. నువ్వు ఆట రూపంలో అదే చెబుతున్నావు.

ఓటమికి కూడా నమస్కారం.

నీలో చావు ఉంది. లోయలో కాలు జారుతుంది. లావాలో పడతారు. చీకట్లో ఏదో వెనకనుంచి వస్తుంది. చచ్చిన చోటే సంచిలోని సరుకంతా చెదిరి పడుతుంది. మనిషి మాత్రం తన మంచం దగ్గర లేస్తాడు, మళ్లీ ఖాళీ చేతులతో. తొలినాటి ఖాళీ చేతులకూ వీటికీ ఒకటే తేడా. వీటికి పని తెలుసు. చెట్టు దగ్గరికి తడుముకోకుండా వెళతాయి. కొలిమి కళ్లు మూసుకుని పేరుస్తాయి. సరుకు పోయినా పనితనం పోలేదు. పరీక్ష తప్పిన పిల్లలకు, వాన తప్పిన రైతుకు, పని ఆగిపోయిన బండ కూలీకి ఈ మాట ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి. నువ్వు చెప్పగలుగుతున్నావు, అందుకే నువ్వు చిన్న ఆటవైనా పెద్దదానివి.

నిన్ను చేసిన చేతులకు నమస్కారం.

నీ వంశం పెద్ద కంపెనీల మేడల్లో మొదలు కాలేదు. ఫిన్లాండ్‌లో సామి మారానెన్ 1992లో అన్‌రియల్ వరల్డ్ అనే ఆటను బయటికి తెచ్చాడు. ఇనుప యుగపు ఉత్తరాది అడవి, మంచు, వేట, ఆకలి, చేత కట్టిన గుడిసె. దాన్ని దశాబ్దాల తరబడి దిద్దుతూ వచ్చారు. స్వీడన్‌లో మార్కస్ పెర్సన్ 2009 మే నెలలో మైన్‌క్రాఫ్ట్ తొలి రూపాన్ని జనం ముందు పెట్టాడు. ఒక్కడు మొదలుపెట్టిన ఆ ఆట 2023 నాటికి 30 కోట్ల ప్రతులు దాటింది. కెనడాలోని వాంకూవర్ నుంచి 2013లో డోంట్ స్టార్వ్ వచ్చింది. స్వీడన్‌లోనే అయిదుగురు కలిసి చేసిన వాల్‌హైమ్ 2021 ఫిబ్రవరిలో విడుదలై నెల రోజుల్లో 50 లక్షల మందిని చేరింది. ఖాళీ చేతులతో మొదలయ్యే ఆటలను చేసినవాళ్లూ ఇంచుమించు ఖాళీ చేతులతోనే మొదలుపెట్టారు.

ఈ వరుసలో నాకు అన్నిటికన్నా దగ్గరిది 2010లో ఫిన్లాండ్‌కు చెందిన పెర్తు అహోలా మొదలుపెట్టిన మైన్‌టెస్ట్. 2024లో దానికి లువాంటి అని పేరు మార్చారు. దాని లోపలి రాతంతా, అంటే కోడంతా, తెరిచి పెట్టారు. ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా మార్చొచ్చు, ఎవరికైనా పంచొచ్చు. నిన్ను కూడా దేశదేశాల వాళ్లు తీరిక వేళల్లో జీతం లేకుండా ఒక్కో గడీ పేర్చి కట్టారు. ఒక సంఖ్య ఇస్తే ఆ సంఖ్యలోంచి కొండలూ కోనలూ మొలుస్తాయి. అదే సంఖ్య ఏ దేశంలో ఇచ్చినా అవే కొండలు, అవే కోనలు. నడిమధ్య నుంచి ఏ దిక్కుకు నడిచినా దాదాపు 31,000 గడుల నేల. గడికి మీటరు చొప్పున ఈ అంచు నుంచి ఆ అంచుకు 62 కిలోమీటర్లు. వికారాబాద్ నుంచి తాండూరు దాకా, మధ్యలో ధారూరుతో సహా, నీలో పడుతుంది. పట్టగా ఇంకా చోటు మిగులుతుంది.

ఆ చోటు గురించే నా చివరి మాట. ఇది నీతో కాదు, నిన్ను ఆడే మా పిల్లలతో.

పిల్లలారా, ఆ లోకంలో టేకు లేదు. మోదుగ లేదు. కంది చేను లేదు. నీలం బండ లేదు, పసుపు బండ లేదు, అనంతగిరి ఎర్రమట్టి లేదు. ఉండకూడదని ఎవరూ అనలేదు. మనం ఇంకా పెట్టలేదు. లువాంటిలో కొత్త గడి పెట్టడానికి కావలసింది లువా అనే చిన్న భాష. 1993లో బ్రెజిల్‌లోని రియో డి జనీరోలో ఒక విశ్వవిద్యాలయంలో పుట్టింది. కొన్ని వరుసల రాత, 16 చుక్కలు అడ్డంగా 16 చుక్కలు నిలువుగా వేసిన ఒక బొమ్మ ఉంటే గడి తయారు. ఇంట్లో గచ్చు మీద కూర్చుని ఆ గచ్చునే చూసి గీయొచ్చు. బండ ఏ పరికరంతో విడివడాలో, కాల్చితే ఏమవ్వాలో, కంది ఎన్ని పగళ్లకు పండాలో మీరే రాయొచ్చు. గనిలో పనిచేసే నాన్నను అడగండి, ఆయన చెప్పే వరుసే రాయండి. చేలో పనిచేసే అమ్మను అడగండి, ఆమె చెప్పే నెలలే వేయండి. రాతి గడికి కొంచెం బరువు కూడా పెట్టండి.

ఉపాధ్యాయులారా, బడి కంప్యూటరు గదిలో ఒక పీరియడు ఈ పనికి ఇవ్వండి. తల్లిదండ్రులారా, పిల్ల ఆడుతుంటే ఒక్కసారి పక్కన కూర్చుని ఏం కడుతున్నావని అడగండి. ఫిన్లాండ్‌లో పుట్టిన వేదిక తాండూరు రాతిని కాదనదు. దాని తలుపులు తెరిచే ఉన్నాయి. చెట్టు అయింది, రాయి అయింది, నిప్పు అయింది. వరుసలో తర్వాతి గడి మనది. దాన్ని తెలుగులో పేరు పెట్టి పేర్చండి.